మాల్టా కోటలో తిరగమోత

"నేను పెద్దగా చేసిందేం లేదయ్యా, ఒక పుస్తకం చదివి పెట్టానంతే," అన్నాడు బుచ్చిబాబు, టీ కప్పు అందుకుంటూ.

ఆయన 'పెద్దగా చేసిందేం లేదు' అన్నాడంటే కాచుకోవాల్సిందేనని ఆ గదిలో అందరికీ తెలుసు. ఐర్లాండులోని కార్క్‌లో మహీధర్ ఇంట్లో ప్రతి శనివారం సాయంత్రం జరిగే టీ అది. ఇదే ఆఖరిది కూడా. మహీధర్‌కి ఉద్యోగం డబ్లిన్ శివార్లలోని లెపర్డ్స్‌టౌన్‌కి మారింది, ఇంటి లీజు వదిలేశాడు. వంటింటి అలమరాల్లో సామానంతా అట్టపెట్టెల్లోకి చేరిపోతే, జనమంతా ఆ పెట్టెల మీదే కూర్చున్నారు. కథ ముగిస్తే కోట్లు తగిలించుకుని లేచిపోతారు. వచ్చే శనివారం తను ఎక్కడికి పోవాలో బుచ్చిబాబుకి తోచడం లేదు. అందుకే ఇవాళ కథ పొడుగ్గా సాగాలి.

భార్య పుష్పవతి ఉన్నన్నాళ్ళూ, "ఇక చాల్లెండి, అన్నం చల్లారిపోతోంది," అని ఎక్కడో ఒకచోట ఆపేది. ఆవిడ పోయాక ఆయన్ని ఆపేవాళ్ళు లేరు.

"యూనివర్సిటీ లైబ్రరీలో పాత పుస్తకాలు ప్రదర్శనకి పెట్టారు కదా, అందులో మాల్టా దీవి ముట్టడి కథ ఒకటుంది. కోట లోపల శిలువ గుర్తు వేసుకున్న వీరులు, బయట టర్కీ సుల్తాను సైన్యం. యుద్ధం అయిన కొత్తలోనే అచ్చేశారు, వేడి తగ్గకుండా! అక్కడి పెద్దాయన నన్ను చూసి, సార్, మీరు చదువుకున్నవారిలా ఉన్నారు, ఈ ముక్క మాకెవరికీ అంతుపట్టడం లేదు, కాస్త చూస్తారా అన్నాడు."

"అది లాటిన్ కదండీ?" అన్నాడు గిరీష్. ఐటీ ఉద్యోగం, పెద్దాయన్ని ఎగదోయడం అతనికి మహా సరదా.

"అయితే ఏంటిట? సంస్కృతం వచ్చినవాడికి లాటిన్ ఒక పూట పని."

"మీకు సంస్కృతం వచ్చా?"

"రాకేం! ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్ అదే. తొంభై ఎనిమిది!"

అందరూ పగలబడి నవ్వారు. అక్కడున్న వాళ్ళందరికీ ఇంటర్లో సంస్కృతానికి అలాంటి మార్కులే వచ్చాయి, ఒక్కరికీ ఒక్క శ్లోకం రాదు. ఆ నవ్వు వింటే బుచ్చిబాబుకి ప్రాణం లేచొచ్చింది.

"నేను చదువుతుంటే డబ్లిన్ నుంచి ప్రొఫెసర్లు కార్లేసుకుని వచ్చేశారు. జనాన్ని ఆపడానికి పోలీసు గార్డ్స్ రావాల్సొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అద్దాల పెట్టె తెరిచి, పేజీ ఇలా తిప్పాను. తిప్పితే బొమ్మ! బురుజు మీద బుర్రమీసాలతో ఒకాయన. చూడగానే ఒళ్ళు ఝల్లుమంది. మా ముత్తాతకి ముత్తాత!"

"మాల్టాలోనా?" అంది జయశ్రీ, మహీధర్ భార్య, బజ్జీల పళ్ళెం ముందుకు జరుపుతూ.

"మచిలీపట్నంలో ఓడెక్కి వెళ్ళి, ఆ వీరులకి వంటవాడిగా కుదిరాడమ్మా. కోటలో తిండి అయిపోయింది, మందుగుండు అయిపోయింది. సాయానికొస్తామన్న ఓడ ఎంతకీ రాదు. రోజూ బురుజెక్కి సముద్రంకేసి చూడటం, దిగడం. చూడటం, దిగడం." ఆయన గొంతు కాస్త తగ్గింది, మళ్ళీ పుంజుకుంది. "అప్పుడు మా తాత ఏం చేశాడు? చర్చి గంట దింపించి, తిరగేసి మూకుడు చేశాడు! నూనె పోసి, మూటెడు ఎండుమిరపకాయలు గుప్పించి తిరగమోత పెట్టాడు. గాలి అటు మళ్ళింది. సుల్తాను సైన్యమంతా ఒక్కసారి తుమ్మింది చూడూ, ఆ తుమ్ముకి వాళ్ళ తెరచాపలే నిండి, ఓడలన్నీ ఇస్తాంబుల్ దాకా ఆగకుండా పోయాయి!"

"నమ్ముతానన్నయ్య గారూ," అంది జయశ్రీ. "ఇక్కడ నేను పోపు వేస్తే చాలు, పొగ అలారం మోగి పక్కింటివాళ్ళు కూడా రోడ్డు మీదకొస్తారు."

నవ్వుతూనే గిరీష్ కోటు కోసం చెయ్యి చాచాడు. బుచ్చిబాబు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"కూర్చోవయ్యా! వాళ్ళు మళ్ళీ వచ్చారు!"

"ఇప్పుడే కదండీ ఇస్తాంబుల్ పంపించారు?"

"ముక్కులకి గుడ్డలు కట్టుకుని వచ్చారు! అసలు ముట్టడి అప్పుడే మొదలైంది. అంతెందుకు, నేను ఆ పేజీ తిప్పగానే పోపు ఘాటు గదంతా కమ్మేసి, ప్రొఫెసర్లందరూ..."

"ఆ పేజీ మీరు తిప్పలేదంకుల్."

చరిత. ఎమ్మెస్ చదువుతున్న పిల్ల, ఈ ఇంటికి రావడం ఇవాళే మొదలు. నవ్వుతూనే అంది.

"శనివారాలు ఆ గదిలో డ్యూటీ నాదే. పుస్తకం అద్దాల పెట్టెలోనే ఉంది, నెలకోసారి లైబ్రరీవాళ్ళే పేజీ తిప్పుతారు. మీరు ప్రతి శనివారం వచ్చి దాని ముందే నిలబడతారు. ఎవరితోనూ మాట్లాడరు. నన్ను మాత్రం ఒక్కటే అడుగుతారు, ఎన్నింటికి మూస్తారని. ఇందాక కూడా..."

అంటూ అంటూ ఆగిపోయింది. తనేం బయటపెట్టిందో అప్పటికి అర్థమైంది. బుచ్చిబాబు ఆ పిల్ల ముఖం ఇప్పుడే సరిగ్గా చూశాడు. ఆ గదిలో ఆయన ఎప్పుడూ తలెత్తింది లేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయనకి సిగ్గేసింది, సిగ్గుకన్నా దిగులు ఎక్కువేసింది.

ఒక్కొక్కరే లేచారు. మహీధర్ ఆయన చెయ్యి పట్టుకుని, "డబ్లిన్ వస్తే మా ఇంటికే రావాలి," అన్నాడు. జయశ్రీ ఎప్పటిలాగే మిగిలిన బజ్జీలు డబ్బాలో సర్ది ఇచ్చింది.

"ఈసారి డబ్బా తిరిగివ్వక్కర్లేదు అన్నయ్య గారూ, ఉంచేసుకోండి."

ఇన్నాళ్ళూ ప్రతి శనివారం ఆ డబ్బా వంకతోనే ఈ తలుపు తట్టేవాడాయన. ఖాళీది ఇవ్వకూడదని గుప్పెడు పంచదార వేసి మరీ తెచ్చేవాడు. "అలాగేనమ్మా," అన్నాడు.

బయట తుంపర పడుతోంది. గేటు దగ్గర చరిత నిలబడి ఉంది.

"సారీ అంకుల్. అలా అనాల్సింది కాదు." "ఇంతకీ ఆ ఓడ వచ్చిందా?" అంది.

బుచ్చిబాబు నోరు తెరిచాడు. నూరు ఓడలు దింపగలడు, కావాలంటే ఏనుగుల్ని కూడా.

"తెలీదమ్మా," అన్నాడు. "నేను చూసింది ఆ ఒక్క పేజీయే."

"వచ్చే శనివారం తిప్పుతారంకుల్. లాటిన్ నాకూ రాదు. బొమ్మ చూసి మీరే చెప్పాలి."

ఆయన తల ఊపి, డబ్బా చంకలో పెట్టుకుని నడిచాడు. మలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు.

"అమ్మాయ్! ఎన్నింటికి తెరుస్తారు?"