ట్యాంకులో వెలితి

మోటారు వేశావా? ఆఁ, సరే. నిండేముందే ఆపెయ్, అంచుదాకా రానివ్వకు. ఎందుకా? మీ తాత అలవాటమ్మా, నాకూ అంటుకుంది. మా అన్నయ్యని నువ్వు సరిగ్గా ఎరగవులే, చంకలో పిల్లగా ఉన్నప్పుడు నిన్ను చూశాడంతే మీ తాత. పెట్రోలు డిపోలో పని ఆయనది. ట్యాంకరు లారీ పైకెక్కి, మూత తీసి, కొలబద్ద దింపి, ఎంత ఖాళీ ఉందో అరిచి చెప్పాలి. ఎంత పోశారన్నది కాదు, ఎంత వదిలారన్నది. ఆ ఖాళీని ఇంగ్లీషులో అల్లేజ్ అంటారట. తోటివాళ్ళు చివరికి ఆయన్నే అల్లేజ్ అని పిలిచేవాళ్ళు. "ఎండకి పెట్రోలు ఉబ్బుతుందిరా, చోటు లేకపోతే పైకి తన్నుకొస్తుంది" అనేవాడు. ఒకసారి ఎవడో నిండా పోస్తే అలాగే తన్నుకొచ్చి మంటలంటుకున్నాయి. పక్కవాడు కాలిపోతుంటే కళ్ళారా చూశాడు. ఆ భయం ఆయన్ని వదల్లేదు.

ఇంట్లోనూ అంతే. బిందె నిండకూడదు, ఉప్పు డబ్బా నిండకూడదు. మా వదిన నవ్వేది, "ఈయన నోట్లోంచి మాట కూడా ముప్పాతికే వస్తుంది మరిదీ, మిగతాది మనమే పూరించుకోవాలి" అని. పాపం, పూరించుకునేది కూడా. ఆవిడ పోయాక ఇంకెవరున్నారు?

ఏం చెబుతున్నా? ఆఁ, మీ అమ్మ. మీ నాన్నతో పడక, వచ్చేస్తున్నానని కబురు పంపింది. మీ తాత వెనక గది కడిగించాడు, కిటికీకి కొత్త గడియ పెట్టించాడు. "ఇక ఇక్కడే ఉండిపోతుందిరా పిచ్చిది" అని నాతో అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. తీరా నిన్నెత్తుకుని గుమ్మంలో నిలబడి, "నాన్నా, ఇక్కడ ఉండనా?" అని అడిగితే ఏమన్నాడో తెలుసా? "నాలుగు రోజులు ఉండు, చూద్దాం." అంతే! మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయింది మీ అమ్మ. వీధి చివరిదాకా సంచి మోసుకుంటూ వెనకే వెళ్ళాడు. అప్పుడైనా అనొచ్చుగా? "జాగ్రత్త" అన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు.

మళ్ళీ వచ్చింది ఆయన మంచాన పడ్డాక, ఆసుపత్రికే. అప్పటికి ఇంగ్లీషు పాఠాలు చెబుతోందిగా, మంచం పక్కన ఏం మాట్లాడాలో తెలీక ఆ అల్లేజ్ మాటే ఎత్తింది. ఫ్రెంచివాళ్ళు వైన్ పీపాకుండే కన్నాన్ని కన్ను అనేవాళ్ళట. చెక్కలోంచి వైన్ ఆవిరై తగ్గిపోతుంటే, చెడిపోకుండా ఆ కంటిదాకా మళ్ళీ మళ్ళీ పోసేవాళ్ళట. "ఆ కన్ను అన్న మాటలోంచే అల్లేజ్ పుట్టింది, అలా నింపడానికే ఆ పేరు నాన్నా ముందు. తర్వాతెప్పుడో ఖాళీకి ఆ పేరు పడింది" అంది. దెప్పాలని కాదమ్మా, ఊరికే చెప్పింది. మా అన్నయ్య మీ అమ్మ చెయ్యి పట్టుకుని, "ఉండిపో అమ్మా" అన్నాడు. ఆ మనిషి నోట అంత నిండు మాట నేనెన్నడూ వినలేదు. మీ అమ్మ చెయ్యి లాక్కోలేదు. "ఎక్కడ నాన్నా? ఆ వెనక గదిలో అద్దెకున్నవాళ్ళున్నారుగా" అంది, మెల్లగా.

ఆయనింక...

ఏంటా చప్పుడు? మోటారు ఆపమ్మాయ్, పొర్లిపోతోంది!