వంటింట్లో వేలాడదీసిన డబ్బీ

సభకు పెద్దగా కూర్చున్న గోపాలరావు గారికి, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన లహరి మేడమ్ గారికి, ప్రొఫెసర్లకు, క్రషర్ కాలనీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం. గోపాలరావు గారు మా కంకర క్రషర్ యజమాని. ఈ హాలూ శాలువాలూ ఆయన చలవే. ఆయనకు ఇప్పుడే చప్పట్లు కొట్టేయండి, తరవాత కుదరకపోవచ్చు. (నవ్వులు)

నేను కోటేశ్వర్‌ని, తొమ్మిదో తరగతి తప్పి క్రషర్ లారీ ఎక్కినవాణ్ణి. మేడమ్ వాళ్ళ యూనివర్సిటీ నానో కేంద్రంలో, అంటే కంటికి ఆనని రేణువులను పరీక్షించే చోట, ఫిజిక్స్ ఆయన, కెమిస్ట్రీ ఆవిడ, ఊపిరితిత్తుల డాక్టరు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరి మాట ఒకరు వింటారంటే నేను నమ్మలేదు. మా ఇంట్లో ఇద్దరమే ఉండి కూడా అది కుదరలేదు. రెండేళ్ళ కిందట వాళ్ళు మాకు గాలిలో దుమ్ము పట్టే ఫిల్టరు డబ్బీ తలా ఒకటి ఇచ్చి, పనిలో చొక్కాకు తగిలించుకోమన్నారు. చదువుకున్నవాళ్ళను ఆట పట్టిద్దామని నేను దాన్ని మా వంటింట్లో మేకుకు వేలాడదీసి, వారం తరవాత అమాయకంగా తెచ్చిచ్చాను. ఒరేయ్ రఫీక్, నవ్వకు, నీకు ముందే తెలుసు.

మేడమ్ పిలిపించి తెర మీద చూపించారు. అంతా రాతిపొడి, ఒక్కో రేణువు వెంట్రుక మందంలో వెయ్యో వంతట.

"అద్దాలు మూసిన క్యాబిన్లో కూర్చునే మనిషివి, నీకింత ఎలా వచ్చింది?" అన్నారు.

నవ్వుదామని నోరు తెరిచాను. నవ్వు రాలేదు.

"అది నా చొక్కాది కాదు మేడమ్, మా వంటింటిది."

తిడతారనుకున్నాను. "ఇంట్లో ఎవరుంటారు?" అని మాత్రం అడిగారు.

పున్నమ్మ ఉంటుంది. నా భార్య, రాయి ముట్టని మనిషి. ఆమె దగ్గితే నేనూ దగ్గి వెక్కిరించేవాణ్ణి. ఇద్దరికీ ఎక్స్‌రే తీశారు. నాది బాగుంది. ఆమె ఫిల్ము నిండా మచ్చలు.

మేడమ్ నా వెధవ పనిని చెత్తబుట్టలో వేయకుండా, ముప్పై వంటిళ్ళలో డబ్బీలు పెట్టించి లెక్క తేల్చారు. క్రషర్ చుట్టూ రేకులు కప్పి, నీళ్ళు చల్లిస్తే ఇళ్ళలోకి వచ్చే దుమ్ము చానా తగ్గుతుందని రాసిచ్చారు. ఆ కాగితం నాలుగు నెలలుగా గోపాలరావు గారి దగ్గరే ఉంది. మేడమ్ రేపటి నుంచి రారు.

ముందు వరసలో పున్నమ్మ నన్ను దిగమని సైగ చేస్తోంది. ఏమే, ఇంకొక్క మాట.

మేడమ్, మీకు మా కాలనీ దండం. గోపాలరావు గారూ, రేపు లారీ తాళం అడిగితే ఇచ్చేస్తాను. రేకులు ఏ తేదీన కప్పిస్తారో మాత్రం మేడమ్ ఊళ్ళో ఉండగానే, వీళ్ళందరూ వింటుండగా చెప్పండి. ఓపిగ్గా విన్నవాళ్ళకు కృతజ్ఞతలు. మైకు మీ ముందు పెడుతున్నాను. సెలవు.