గుర్తు లేని పొత్తిగుడ్డ

చాకిరేవు చింతచెట్టు కిందికి పట్టపగలు కూడా ఎవరూ పోరెందుకే మామ్మా అనడిగారు కదా, చెప్తా. మధ్యలో ఇకిలించారంటే మాత్రం లేచిపోతా, నా సంగతి తెలుసుగా!

ఇప్పుడంటే తుప్పలు మొలిచాయి గానీ, మా రోజుల్లో ఊరి బట్టలన్నీ ఆ రేవులోనే కదర్రా. ఒక పక్క బానలో ఉడుకుతుండేవి, ఇంకో పక్క బండల మీద ధబాధబా బాదుడు, ఎవరి కోడలు నెల తప్పిందో ఊరికంటే ముందు మాకే తెలిసిపోయేది. మరి అన్నిళ్ళ బట్టలూ కలిసిపోతే ఎవరివేవో ఎలా తెలుస్తాయి? నల్లజీడి గింజ కాల్చి, ఆ రసంతో ఇంటికో గుర్తు పెట్టేవాళ్ళం. పసిపిల్లల్ని చుట్టే పొత్తిగుడ్డలకి మాత్రం పెట్టం, లేత ఒళ్ళు పొక్కిపోతుంది.

ఆ రేవులోనే అసిరమ్మ అని ఒకావిడ, బిడ్డని ఒడ్డున పడుకోబెట్టి ఉతుకుతుంటే ఏరు పొంగి బిడ్డని పట్టుకుపోయింది. పాపం, వెతుక్కుంటూ దిగి తనూ పోయింది. అప్పట్నుంచీ మిట్టమధ్యాహ్నం ఆవిడ బండ మీద బట్ట బాదిన చప్పుడొచ్చేది, చూస్తే ఎవరూ ఉండరు.

మా తోడికోడలు పైడమ్మకి ఇదంతా చెప్పాం. వింటేనా? చింతకొమ్మకి ఉయ్యాల కట్టి, పిల్లని అందులో వేసి పనిలో పడింది. మధ్యాహ్నం ఆ చప్పుడు మొదలైంది, మనకెందుకులే అని తలెత్తలేదు. చప్పుడు ఠక్కున ఆగిపోయింది. అప్పుడు చూస్తే, ఆకు కదలట్లేదు, ఉయ్యాల ఊగుతోంది! అమ్మో అని పరిగెత్తి పిల్లనెత్తుకుంటే, పొత్తిగుడ్డ తడిసి ముద్దయిపోయి ఉంది, పిల్ల ఒళ్ళు చల్లబడిపోయింది, రొమ్మిస్తే మొహం తిప్పేసుకుంది. ఇంటికి తెచ్చినా అంతే, సాయంత్రానికి ఏడవడం కూడా మానేసింది. బిడ్డ ఇక దక్కదనే అనుకున్నాం.

మా అత్త అంది కదా, గుడ్డకి గుర్తు లేదు కదే, తన బిడ్డే అనుకుని పట్టుకుంది ఆ అసిరమ్మ, అని. అంటూనే జీడిగింజ కాల్చి, పిల్ల మడమ మీద మా ఇంటి గుర్తు పెట్టేసింది. వద్దత్తా, పొక్కిపోద్దత్తా అని పైడమ్మ కాళ్ళ మీద పడ్డా వినలేదు. పిల్ల కెవ్వుమంది. ఆ ఏడుపుతోనే తల్లి రొమ్ము అందుకుంది. ఇంటిల్లిపాదీ ఏడ్చాం.

మరి అసిరమ్మ ఊరుకుందా అంటే, ఎందుకూరుకుంటుంది, అదీ తల్లే కదా! ఇంకా వెతుక్కుంటూనే ఉంది. మీ ఇళ్ళల్లో బట్టలుతికే మిషన్లొచ్చాయి, ఏ చొక్కాకీ గుర్తు లేదు. బంతంటారు, ఆటంటారు, పోతే పోండి అటు. తీరా ఆవిడ ఎత్తుకున్నాక మీ అమ్మల్ని నా మీదకి తోలకండి, నా దగ్గర నల్లజీడి గింజలు లేవు.