గోనెపట్టా ట్రైలరు నొగ విరిగిన సంగతి

నా పేరు తెక్లా హ్రించుక్. వయసు డెబ్బై ఆరు. నా భర్త ఓరెస్ట్ 2009లో చనిపోయాడు. వృత్తి ఏమిటని అడిగారు. ఆవుల పాలు పిండాను, కోళ్ళను పెంచాను, ఇప్పుడు బుధవారాలు చర్చి హాలులో బంగాళాదుంప కూరి పెరోగీలు ఒత్తుతాను. నిన్న బుధవారం మాత్రం వెళ్ళలేదు. నివాసం మానిటోబాలో, డాఫిన్ ఊరికి ఉత్తరాన పద్నాలుగు మైళ్ళ దూరంలో, మా పొలంలో ఉన్న చిన్న ఇల్లు. అదే పొలంలోని పెద్ద ఇంట్లో మా అమ్మాయి లారిస్సా, అల్లుడు రస్సెల్ ప్లమ్ ఉంటారు. అల్లుడు హైస్కూల్లో భూగోళం చెబుతాడు. నేను ఆరో తరగతితో బడి మానేశాను కాబట్టి నేను చెబుతుంటే ఈ పోలీసు స్టేషన్లో గోసెలిన్ అనే కానిస్టేబుల్ అమ్మాయి రాస్తోంది. ఈ రోజు 2023 జూన్ 15, గురువారం, ఉదయం తొమ్మిదింబావు.

నిన్న నేను మా అల్లుడి ట్రైలరు నొగను సుత్తితో విరగ్గొట్టానని ఫిర్యాదు. విరగ్గొట్టాను. అది రేపు శుక్రవారం పొద్దున పెద్ద రోడ్డెక్కితే ఎవరో ఒకరు చస్తారని విరగ్గొట్టాను. చచ్చేది మా అల్లుడొక్కడే అయితే ఇంకాస్త ఆలోచించేదాన్ని. పక్క సీట్లో మా అమ్మాయి ఉంటుంది. ఎదురుగా వచ్చే కార్లలో ఎవరి పిల్లలో ఉంటారు.

నొగ అంటే ట్రైలరును కారుకు తగిలించే ముందు ఇనుము. ట్రైలరు అంటే కారు వెనక లాక్కుపోయే ఫైబర్ గ్లాసు గది. గుడ్డు ఆకారంలో ఉంటుంది, లోపల ఇద్దరు పడుకోవచ్చు. ఇలాంటివాటి మీద పిచ్చి ఉన్నవాళ్ళకు ఒక సంఘం ఉంది. మా అల్లుడు అందులో సభ్యుడు. మా ట్రైలరుకు పేరు లేదు, నంబరు లేదు, ఎక్కడా కంపెనీ బిళ్ళ లేదు. అందుకని మా అల్లుడు రెండు చలికాలాలు కంప్యూటరు ముందు కూర్చుని అది ఎక్కడ పుట్టిందో పరిశోధించాడు. పెద్ద ఇంటి నుంచి నలభై అడుగుల దూరంలో ఉన్న నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

అది పుట్టింది మా మిషన్ల కొట్టంలో. 1979 సెప్టెంబరులో ఓరెస్ట్ చేపల వేటకని చెప్పి ఒక గ్యారేజీ ఆయన దగ్గర ఇలాంటి ట్రైలరు ఒకటి వారానికి అద్దెకు తెచ్చాడు. వేటకు పోలేదు. దాన్ని కొట్టంలో పెట్టి, ఒళ్ళంతా మైనం రుద్ది, దాని మీద అచ్చు తీశాడు. మూడు వారాల తర్వాత తిరిగి ఇచ్చాడు. "చేపలు పడ్డాయా?" అని గ్యారేజీ ఆయన అడిగితే, "పడింది, పెద్దదే" అన్నాడట. ఇంటికొచ్చి నాతో చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కంపెనీవాళ్ళ అచ్చు దొంగిలించారని ఎవరో వచ్చి అడుగుతారని నలభై మూడేళ్ళు భయపడ్డాను. ఆ గ్యారేజీ ఆయన ఎప్పుడో పోయాడు. అయినా భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ చలికాలమంతా ఓరెస్ట్ అచ్చులో గాజునార, అంటే ఫైబర్ గ్లాసు గుడ్డ, పరుస్తుంటే, నేను జిగురు పూసి రోలరుతో ఒత్తాను. జిగురు ఆరాలంటే కొట్టం వెచ్చగా ఉండాలి, అందుకని పొయ్యి వెలిగించాడు. ఆ జిగురు వాసనకు నిప్పంటుకుంటుందని నేను ఒక చేత్తో రోలరు, పక్కన నీళ్ళ బకెట్టు పెట్టుకుని పని చేశాను. ఫిబ్రవరిలో గాజునార అయిపోయింది. ఓరెస్ట్ బంగాళాదుంపల గోనెపట్టాలు కోసి వాటినే జిగురులో ముంచి వేశాడు. వెనక అద్దం పాత ధాన్యం లారీది. తలుపు పిడి మా పాత ఐసుపెట్టెది. నొగ మా నాన్నగారి కాలం నాటి, పొలం చదును చేసే దంతె ఇనుము. ఈ దంతె గుర్రాలు లాగడానికి చేసింది.

1984 ఆగస్టులో మేము దాన్ని లాక్కుని సరస్సుకు వెళ్ళి వస్తున్నాం. ఎనిమిది మైళ్ళే, కంకర రోడ్డు. ఇంటికొచ్చి చూస్తే నొగ వంపు దగ్గర పగిలింది. ఓరెస్ట్ వెల్డింగ్ పెట్టాడు. "తెక్లా, ఇది ఇంక పొలం దాటి పోకూడదు" అన్నాడు. ధాన్యం కొట్టు వెనక పెట్టేశాం. ముప్ఫై ఆరేళ్ళు కోళ్ళు అందులో గుడ్లు పెట్టాయి. అంతకన్నా మంచి వాడకం దానికి ఎప్పుడూ లేదు.

2020లో మా అల్లుడు దాన్ని చూశాడు. బాగుచేస్తానన్నాడు. నేను అడ్డు చెప్పలేదు. అది నా తప్పు, రాసుకోండి. ఎందుకు చెప్పలేదంటే, అతను మొదలుపెట్టిన పని ఏదీ పూర్తి చేసిన మనిషి కాడు. పడవ మొదలుపెట్టాడు, సగం పడవ ఉంది. ఆవిరి స్నానాల గది మొదలుపెట్టాడు, దాంట్లో ఇప్పుడు టైర్లున్నాయి. తేనెటీగలను తెచ్చాడు, అవి వారంలో అతన్ని వదిలిపోయాయి. ఈ ట్రైలరు కూడా అలాగే పడి ఉంటుందని ధైర్యంగా ఉన్నాను. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో అతను పూర్తి చేసిన పని ఇదొక్కటే.

మొదటి వేసవిలో లోపలున్న బట్టల అలమర పీకేశాడు. గుడ్డు ట్రైలర్లలో పైకప్పును మోసేది ఆ అలమరే. పీకగానే కప్పు కుంగి తలుపు పడలేదు. "వయసుకి కుంచించుకుపోయింది" అని సంఘానికి రాశాడు. కింద ఒక గుంజ పోటు పెట్టవయ్యా అని నేనే చెప్పాను. పెట్టాడు, కప్పు లేచింది. అప్పుడు కూడా, నీకెలా తెలుసు అని అడగలేదు.

తర్వాత గోడ లోపల గోనెపట్టా కనిపించింది. ఫోటో తీసి పంపించాడు. ఒక ఆదివారం సూప్ తాగుతూ నాతో అన్నాడు. అతను నన్ను పేరు పెట్టి పిలుస్తాడు.

"తెక్లా, ఇది మామూలు నేత కాదు తెలుసా. యూరప్ వాళ్ళ నేత. పోలండు అంటున్నారు మా వాళ్ళు. ఓడలో వచ్చుంటుంది."

"అలాగా," అన్నాను. "పోలండులో బంగాళాదుంపలు పండుతాయా?"

"బాగా పండుతాయి. ఎందుకు?"

"ఊరికే."

ఈ సోమవారం, అంటే 12వ తేదీ సాయంత్రం ఆరున్నరకు మమ్మల్ని బయటికి పిలిచి, పైన కప్పిన దుప్పటి లాగాడు. లేత పసుపు రంగు, తెల్ల అంచు. లోపల కర్టెన్లు. బాగుంది, లేదనను. నేను కర్టెన్లు చూడలేదు, కిందికి వంగాను. నొగకు నల్ల రంగు వేసి మెరిపించాడు.

"దీని సంగతేం చేశావు?"

"రెండు పూతలేశానుగా."

"వంపు దగ్గర పగులుండాలి."

"పగులు కాదది, గీత. లప్పం పెట్టి గీకాను. అద్దంలా లేదూ?"

"అద్దంలా ఉందనే నా భయం. మార్చు దాన్ని. లేకపోతే వెల్డింగు మనిషికైనా చూపించు."

"అసలు ఇనుము మారిస్తే విలువ పడిపోతుంది. మీకు దేనికి భయం లేదు చెప్పండి. మైక్రోవేవ్‌కి కూడా భయమేగా మీకు."

మా అమ్మాయి నవ్వింది. "అమ్మా, ఊరుకో. సంఘం వాళ్ళ సమావేశానికి శుక్రవారం ఎనిమిదికి బయల్దేరాలి. రెండొందల ఎనభై మైళ్ళు."

పైన పటారం, లోన లొటారం. లప్పం అంటే గోడకు పెట్టేది. బరువు లాగే ఇనుముకు లప్పం పెట్టినవాణ్ణి నా జన్మలో నేను ఇతన్నొక్కణ్ణే చూశాను. ఇతను పిల్లలకు పాఠాలు చెబుతాడు. నేను మైక్రోవేవ్‌కి భయపడే మాట నిజమే. భయపడేదాని మాట ఎవరూ వినరు, అదీ నిజమే. మంగళవారం మళ్ళీ రెండుసార్లు చెప్పాను, ఒకసారి అతనికి, ఒకసారి అమ్మాయికి.

నిన్న బుధవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, వాళ్ళిద్దరూ పనులకు వెళ్ళాక, ఓరెస్ట్ పెద్ద సుత్తి తీసుకుని వెళ్ళాను. చక్రాలకు ముందొకటి వెనకొకటి ఇటుకలు పెట్టాను. లోపల ఎవరూ లేరని తలుపు తీసి చూశాను. రెండుసార్లు చూశాను. మొదటి దెబ్బకు రంగు పెచ్చులూడింది. రెండో దెబ్బకు లప్పం రాలింది. మూడో దెబ్బకు పగులు బయటపడింది. ఐదు సెంట్ల బిళ్ళ అంచు దూర్చి చూశాను, దూరింది.

కానిస్టేబుల్ అమ్మాయి అడిగింది, అక్కడితో ఆగి మా లారిస్సాకు చూపిస్తే సరిపోయేది కదా అని. మొదట అనుకున్నది అదే. కానీ చూపిస్తే ఇంకా లప్పం పెడతాడు. అందుకని నాలుగో దెబ్బ తెలిసే కొట్టాను, కావాలనే కొట్టాను. నొగ రెండు ముక్కలైంది. ముందు భాగం కంకరలోకి కుంగింది, అద్దం అంచు నుంచి కింది దాకా గోడ చీలింది. చీలికలోంచి గోనెపట్టా బయటికొచ్చింది. నేను బకెట్టు బోర్లించుకుని దాని పక్కనే కూర్చున్నాను.

నాలుగుంబావుకు ఇద్దరూ వచ్చారు. అతను కారు తలుపు కూడా వేయకుండా పరిగెత్తుకొచ్చాడు.

"తెక్లా! ఏం చేశారు మీరు?"

"నాలుగు దెబ్బలు కొట్టాను. డెబ్బై ఆరేళ్ళ ముసల్ది నాలుగు కొడితే విరిగింది. నీ రోడ్డు ఎన్ని కొట్టేదో లెక్కేసుకో."

"లోకంలో ఇలాంటిది ఇదొక్కటే ఉంది! ఒక్కటే!"

"రెండున్నాయి," అన్నాను.

నోరు జారింది. జారిందని తెలిసేసరికి అతని ముఖం మారిపోయింది. మా అమ్మాయి విరిగిన ఇనుము ముక్క ఎత్తి పట్టుకుంది. లోపలంతా పాత తుప్పు, చివర కొంచెం మాత్రమే కొత్తగా విరిగిన మెరుపు. "రస్సెల్, ఇది చూడు. నేను పక్క సీట్లో కూర్చునేదాన్ని," అంది. అతను చూడలేదు.

"రెండోది ఎక్కడుంది?" అన్నాడు నాతో.

"ఎందుకు?"

"కొంటాను. ఎంతయినా కొంటాను. ఎక్కడుందో చెప్పండి, ఇదంతా మర్చిపోతాను."

నేను చెప్పలేదు. అప్పుడు పోలీసులకు ఫోన్ చేశాడు. పెళ్ళాం చేతిలో ఆ ఇనుము ఉండగా చేశాడు.

రాత్రి మళ్ళీ మా ఇంటి తలుపు దగ్గరకొచ్చి, చెబితే ఫిర్యాదు వెనక్కు తీసుకుంటానన్నాడు. తలుపు వేసేశాను. ఇప్పుడు కానిస్టేబుల్ అమ్మాయి నాకు చెప్పింది, నాకిష్టం లేకపోతే ఏమీ చెప్పనక్కర్లేదని. చెబుతాను. నేను ఇంత పొద్దున్నే వచ్చింది నా కేసు కోసం కాదు.

ఆ అచ్చులో రెండు తీశాం. రెండు నొగలూ ఒకే దంతెవి. రెండోది 1981 ఆగస్టు 8, శనివారం, యార్క్‌టన్ వైపు నుంచి వచ్చిన ఒక నర్సు కొనుక్కుంది. ఇంటిపేరు డాల్‌గ్రెన్. పొడవాటి మనిషి. వెనక సీట్లో ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ళకు నేను డజను గుడ్లు ఇచ్చాను. అప్పటికి మాకు పగులు సంగతి తెలియదు. మూడేళ్ళకు మాది పగిలినప్పుడు, ఆవిడకు ఉత్తరం రాయమని ఓరెస్ట్‌తో అన్నాను. "రాస్తే అచ్చు సంగతి అడుగుతారు" అన్నాడు. ఇంకో రెండుసార్లు అన్నాను. నాకు రాయడం వచ్చు, నేనూ రాయలేదు. ఆయన పరువు పోతుందని రాయలేదు. అప్పటి నుంచి రేడియోలో యార్క్‌టన్ రోడ్డు మీద ప్రమాదం అంటే, ఏ బండో చెప్పేదాకా నిలబడే వింటాను. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా నిలబడే వింటున్నాను. అల్లుడిది లప్పమే, నాది అంతకంటే నీచం.

ఈ కాగితం నకలు ఫిర్యాదు చేసినవాడికి ఇస్తారట. ఇవ్వండి. కానీ ఆ నర్సు దగ్గరికి అతనికంటే ముందు మీరు వెళ్ళండి. అతను వెళితే రంగు చూసి కొనుక్కొస్తాడు.

రాసినదంతా కానిస్టేబుల్ అమ్మాయి నాకు రెండుసార్లు చదివి వినిపించింది. "నీచం" అన్న మాట తీసేయమంటారా అని అడిగింది, వద్దన్నాను. ఎవరూ నన్ను బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. నేను చూసింది, చేసింది, చెయ్యనిది ఇంతే, ఇందులో అబద్ధం లేదు. గుర్తుపట్టడానికి ఒక్క మాట చేర్చమన్నాను: వెనక అద్దం గుండ్రంగా ఉంటుంది, పైకి ఏ రంగు ఉన్నా సరే, నొగ వంపు దగ్గర గీకి చూడండి.

(సంతకం) తెక్లా హ్రించుక్