అందరు పోయిన్రు

చాయ వద్దు చెల్లె. వద్దంటున్న గద! పొద్దటి సంది ఎదురొచ్చినోళ్లందరు చాయ తాపుడే. "సారుకు అవార్డొచ్చింది, సారుకు అవార్డొచ్చింది" అని. కడుపంత పుల్లగైంది. నువ్వు నీ పని చేస్కో. ఆ పాత చీర చింపుడు ఆపకు, పుండ్లకు గుడ్డలు కావాలె గద. నేను ఈ అరుగు మీద కూసుంట, గంతే.

ఏంది, నవ్వుతున్నవా? నవ్వు. శాలువ చూసే గద నవ్వుతున్నవు, జాహేదా! నిన్న ఫంక్షన్ హాల్ల నా మెడల వేసిన్రు. "ఉత్తమ ఆరోగ్య స్వచ్ఛంద సేవకుడు, పరశురాములు సారు" అని మైకుల పిలిచిన్రు. ఇంకెవలో పరశురాములు అనుకొని నేను వెనుకకు తిరిగి చూసిన! ముప్పై ఏండ్ల సంది బడిల పాఠాలు చెప్పుకునెటోణ్ని. సూది చూస్తెనే కండ్లు తిరుగుతయి నాకు. ఒక్క రోగికి గ్లాసెడు నీళ్లు తాపిన పాపాన పోలే.

మరెందుకిచ్చిన్రు అంటవా? మండలంల సేవ చేసెటోళ్ల ఫారాలు నింపిన అని! నలభై ఒక్క ఫారం. "సారు రాసిన కాగితాలల్ల ఒక్క కొట్టివేత లేదు" అని పెద్ద ఆఫీసరు మెచ్చుకున్నడు. సేవ చేసినోళ్లు సేవ చేసిన్రు, దస్తూరి మంచిగున్నోనికి శాలువ!

యాదలక్ష్మి నర్సుకొచ్చింది, అది న్యాయమే. వానకాలం వాగు దాటి పోయి టీకాలేసిన పిల్ల. కని నిన్నటి తమాష విను. నర్సులు, ఆశా అక్కలు, ఒక్కరు తక్కువ గాకుండ చప్పట్లు కొట్టనీకి రావాలె అని ఆర్డరేసిన్రు. మన ఊరి సబ్ సెంటర్‌కు తాళం. జ్వరమొచ్చిన పిల్లనెత్తుకొని ఎవలో ఒకామె ఆ తాళం ముందట మాపటి దాంక కూసున్నదంట. మేమేమో హాల్ల ఫ్యాన్ల కింద "రోగిల దేవుణ్ని చూడాలె" అని ఉపన్యాసం వింటున్నం. రెండు గంటలు!

నీకు రాలేదని నీకేం బాధ లేదు, నాకెర్క. శాలువ నువ్వేం చేస్కుంటవు? అది గూడ చింపి పట్టీలు చేస్తవు. కని శాలువతోని ఇంకోటిచ్చిన్రు. ఇగో, గీ కార్డు. నా ఫొటో, కింద ముద్ర. ఇది మెడల ఉంటె పెద్ద దవాఖానల ఏ వార్డుకైన, ఏ యాళ్లనైన పోవచ్చు. లేకుంటె గేటు కాడనే ఆపుతరు. కొత్త రూలు. మొన్న లింగస్వామిని చూడనీకి పోతె నిన్ను ఆపి ఇంటికి పంపింది గందుకే.

అవును, లింగస్వామి కాడికెళ్లే వస్తున్న.

పొద్దుగాల పోయిన. గేటు కాడోడు కార్డు చూసి సలాం కొట్టిండు. నాకు! లింగస్వామి గోడ దిక్కు మొకం పెట్టి పండుకున్నడు. ఇగ చేసేదేం లేదని డాక్టర్లు చెప్పిన్రంట. నడుము కాడ పుండు... నేను చూడలే. దస్తీ ముక్కుకు పెట్టుకున్న. "జాహేదక్క వచ్చిందా?" అన్నడు. "నేను, సారును" అన్న. "సారూ, నన్ను జర ఇటు మర్లెయ్యి" అన్నడు. ఎక్కడ పట్టాలె చెల్లె? భుజం కాడనా, తుంటి కాడనా? పట్టిన. కేకేసిండు. ఇడిసిపెట్టిన. "మీతోని కాదు సారూ, అక్కను తోలియ్యుండి" అన్నడు. పాపం, నన్ను తిట్టలే. బడిల నా చేతిల దెబ్బలు తిన్నోడు, ఇప్పటికి గూడ మర్యాదగనే అన్నడు.

నేను గేటు కాడోణ్ని అడిగిన. కార్డున్నోని వెంబడి ఒక సహాయకురాలు లోపటికి రావచ్చంట. నవ్వకు! రిజిష్టర్ల నీ పేరు గట్లనే రాస్తరు: "పరశురాములు సారు సహాయకురాలు". నువ్వు నాకు! ఏం చేస్తం, రూలు. ఆ గుడ్డలు మూట కట్టు, బస్సు వచ్చే యాళ్లైంది.

ఆగు. మూట కట్టుకుంటనే విను. నీ ఫారం నింపింది గూడ నేనే.

యాదికున్నదా? కంప్యూటర్ కాడ కూసునే మల్లిక నిన్ను అడుగుతుంటె నేను పక్కనే ఉంటి. "నీ సేవ పొందినోళ్లు ఎంతమంది?" అంటె నువ్వు వేళ్లు మడిచి మడిచి "ఇరవై మూడు" అన్నవు. "అండ్ల మంచిగై ఇంటికి పోయినోళ్లు?" అన్నది. నువ్వు తలకాయ వంచుకొని "అందరు పోయిన్రు బిడ్డా" అన్నవు. మల్లిక పట్నం పిల్ల, నీ సంగతి ఆమెకేమెర్క? "ఇరవై మూడుకు ఇరవై మూడా! నూటికి నూరు!" అని ఖుషీగ రాసింది.

గదట్లనే ఇడిసిపెడితె అయిపోయేది. ఈ కార్డు మీద నీ ఫొటో ఉండేది.

నేనెట్ల ఇడుస్త? తెలుగు పంతుల్ని గద! "అమ్మా, ఆమె చెప్పిన పోవుడు ఆ పోవుడు కాదు" అని మల్లికకు పాఠం చెప్పిన. కొట్టివేత ఉండొద్దని కొత్త ఫారం తీస్కొని, మంచిగైనోళ్లు ఇరవై మూడు అని ఉన్న జాగల గుండ్రంగ సున్న పెట్టిన. డాక్టర్లు చేతులెత్తేసినోళ్లనే నువ్వు చూస్తవు. కడుగుతవు, తినిపిస్తవు, ఆఖరి దాంక చెయ్యి పట్టుకొని కూసుంటవు. గసొంటి పనికి ఆ ఫారంల గడి లేదు.

ఆఫీసరు సున్న చూసిండు. "ఈమె చేతిల పడ్డోళ్లల్ల ఒక్కరు మిగల్లేదా? ఈమెకు కార్డిస్తె ఇంకేమన్న ఉన్నదా!" అన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. కొంచమే.

బడిల పిల్లలకు ఒక కథ చెప్తుంట చెల్లె. కృష్ణ ఒడ్డున ఇద్దరు పడవోళ్లు. ఒకడు సంతకు పోయినోళ్లను మళ్ల ఊర్లెకు తెస్తడు. ఇంకొకడు ఊరు ఇడిసి పోయెటోళ్లను అవతలి ఒడ్డు మీద భద్రంగ దించి వస్తడు. రాజు వచ్చి, వీని పడవ ఖాళీగ వచ్చుడు చూసి, "వీడు పనిదొంగ" అన్నడంట. అప్పుడొక ముసలామె ముందటికొచ్చి...

సరె, సరె. కథ వద్దు. పదేండ్ల సంది చెప్తున్న, ఫారం రాసేనాడు మాత్రం యాదికి రాలే. ఇప్పుడు నీ ముందట తప్పించుకోనీకి యాదికొస్తాంది.

ఏమన్నవు? "నిజమే రాసినవు గద సారూ, నిజం రాస్తె తప్పేంది" అంటవా? గట్ల అనకు. నిజం కోసం రాయలే నేను.

ఫారం వెనుక ఇంకో కాగితముండె. గెలిచినోళ్లు ఎవలెవలికి సేవ చేసిన్రో ఆ పేర్లన్ని మైకుల చదువుతరు. నీ ఇరవై మూడు పేర్లల్ల తొమ్మిదోది మా అమ్మది. "బిక్షమ్మ, పరశురాములు సారు తల్లి." మండలమంత కూసున్న హాల్ల అది చదివితె పక్కోడు అడగడా? సారు తల్లిని జాహేద కడిగి పండవెట్టిందా, మరి సారేడున్నడు అని?

ఆఖరి ఎనిమిది దినాలు. నేను పొద్దుగాల పోతె మాపటికి వచ్చేది. ఆ వాసన, ఆ మూల్గుడు... నాతోని కాకపాయె. "నా కొడుకేడి" అని అమ్మ అడిగినప్పుడల్ల నువ్వు "బడిల ఉన్నడమ్మా, పిల్లలకు పరీక్షలు, ఇడిసి రారాదు" అన్నవంట. పక్కింటి జానమ్మ చెప్పింది. "నా కొడుకు పని ఇడిసెటోడు కాదు" అని అమ్మ ఖుషీ అయ్యేదంట.

నేను బడిలనే ఉంటి. అండ్ల అబద్ధం లేదు. తాళం తీసుకొని, ఒక్కణ్నే, గోడలకున్న పటాలు చూసుకుంట.

ఎండకాలం సెలవులు చెల్లె. నీకెర్కనే.

ఎన్నో ఏండ్ల సంది పంతులు తల్లి ఆమె. మే నెలల బడి ఉండదని ఆమెకు మాత్రం ఎర్క లేకుండెనా?