చిక్కుడు పందిరికి పది రోజుల గడువు

కుర్చీ దొరికినవాళ్లు కూర్చున్నారు, దొరకనివాళ్లు గోడకు ఆనుకున్నారు, ఇంకా కొందరు మెట్ల మీదే ఆగిపోయారు. మీ అందరికీ దండం. ఒక గడియారాల మేస్త్రి పోతే ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. అతను పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. మీకు మేస్త్రి. పిల్లలకు భూతద్దం తాత. నాకు మరిది, నా భర్తకు సొంత తమ్ముడు. నలభై ఆరేళ్లు ఒకే పెరడు పంచుకుని పోట్లాడుకున్నాం.

అయిదు నిమిషాలు మాట్లాడమన్నాడు మన వరుస ఇళ్ల సంఘం కార్యదర్శి. చూద్దాం. నాకు చదువు రాదు. నేను చెప్పేది చెప్పినట్టు మా కోడలు సంఘం పుస్తకంలో రాస్తోంది. అందంగా మార్చావంటే ఊరుకోను, అమ్మాయ్. ఎందుకు రాయమన్నానంటే, నేను ఇవాళ ఏడవడానికి లేవలేదు. ఏడుపు ఇంట్లో అయింది. అడగడానికి లేచాను.

అడిగేది ఒక్కటే. రేపు పొద్దున ఏడు గంటలకు మందు కొట్టే మనిషి మా పెరట్లోకి వస్తున్నాడు. మా మరిది వేసిన చిక్కుడు పందిరికి పేనుబంక పట్టింది, రసం పీల్చే సన్న పురుగు. లేత కొమ్మలన్నీ నల్లబడ్డాయి. పూతంతా జిగురు, దాని కోసం చీమల బారులు. మందు మనిషిని పిలిచింది పరాయివాళ్లు కాదు, మా మరిది కొడుకే. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇదిగో, ముందు వరసలో తల దించుకుని కూర్చున్నాడు. ఆ మందు కొట్టొద్దు. పది రోజులు ఆగాలి. అంతే.

సంతాప సభలో ఈ ముసలామెకు పురుగుల గొడవేమిటి అనుకుంటున్నారు కదూ? అనుకోండి. ఆ మనిషి గురించి పురుగులు లేకుండా చెప్పమంటే నాకు చేతకాదు.

దుకాణం మూసేసిన ఏడాది అతనికి పొద్దు పోయేది కాదు. పెరడంతా అప్పుడు ఇటుక ముక్కలు, పగిలిన తొట్లు. మూడు నెలలు వంగి వంగి ఏరాడు. ఏరి ఏం చేశాడు? పళ్లు కొట్టుకునే చలిలో బెండ గింజలు పెట్టాడు. ఒక్కటి మొలవలేదు. మళ్లీ పెట్టాడు. మళ్లీ లేదు. నేను ఊరుకుంటానా? "ఏం మరిదీ, ముల్లు ముందుకు తిప్పితే ఎండాకాలం వచ్చేస్తుందనుకున్నావా?" అన్నాను. వదిన వరస, అనకపోతే అన్నం సహించదు. అతను నవ్వలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే చెప్పులు విడిచి మట్టిలో నిలబడేవాడు. అరికాలికి చలి తగలని రోజు వచ్చేదాకా బెండ గింజ ముట్టుకోలేదు. "నేల ఇంకా ఒప్పుకోలేదు వదినా, నేనే తొందరపడ్డాను" అన్నాడు. గడియారాలు బాగుచేసే మనిషి నోట ఆ మాట విన్నారా మీరెవరైనా? నేను విన్నాను.

ఆ తర్వాత దేని రోజు దానిదే. చలికి ముల్లంగి, పాలకూర, చిక్కుడు. ఎండ ముదరకముందే బెండ, కాకర. అవీ ఒక్కసారే చల్లేవాడు కాదు. ఇవాళ గుప్పెడు, పదిహేను రోజులకు ఇంకో గుప్పెడు. "ఇంట్లో ముల్లంగి ఎప్పటికి అయిపోతుంది?" అని మా తోటికోడలు నెత్తి కొట్టుకునేది. అదిగో, ఏడుస్తూనే నవ్వుతోంది. నవ్వమ్మా. నువ్వు తిన్నంత ముల్లంగి ఈ గదిలో ఎవరూ తినలేదు.

ఎవరైనా ఆ ఫ్యాను తగ్గించండి. నా మాట నాకే వినపడటం లేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. రాసుకో అమ్మాయ్, ఇది ముఖ్యం. ఏడేళ్ల కిందట అతను కంటి ఆపరేషనుకు వెళ్తూ పెరడు నాకు అప్పగించాడు. ఇప్పటిలాగే అప్పుడూ చిక్కుడుకు పేనుబంక. మూడో రోజు ఆకుల మీద కొత్త పురుగులు కనిపించాయి. నల్లగా, ఒళ్లంతా ముళ్లు, వీపు మీద నారింజ మచ్చలు. చీమంత మొసలిపిల్లలు అనుకోండి. వీటి దుంప తెగ, ఇవి కూడా వచ్చాయా అనుకున్నాను. ఒక్కొక్కదాన్నీ ఏరి నలిపేశాను. రెండు పూటలు కూర్చుని, నడుం పడిపోతున్నా వదలకుండా. అతను రాగానే డబ్బా మూతలో పోసి గొప్పగా చూపించాను.

కంటికి కట్టు ఉంది. రెండో కంటికి భూతద్దం పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. "వదినా, ఇవి అక్షింతల పురుగు పిల్లలు. ఎర్రగా గుండ్రంగా, చుక్కలతో ఉంటుందే, దాని పిల్లలు. పేనుబంకను తినడానికి వచ్చాయి" అన్నాడు. ఆ ఎర్ర పురుగు చేతి మీద వాలితే మురిసిపోయేదాన్ని నేను. దాని పిల్లలను చంపేశాను. చూడటానికి బాగా లేవని చంపేశాను.

అప్పుడు అతనేం చేశాడో తెలుసా? కంటి కట్టుతోనే పక్క వీధికి నడిచాడు. అక్కడ గన్నేరు చెట్టుకు పేనుబంక ఉంది, దాని మీద ఈ పిల్లలున్నాయి. గడియారం పళ్లచక్రాలు తుడిచే సన్న కుంచెతో ఒక్కొక్కదాన్నీ అగ్గిపెట్టెలోకి తోశాడు. ఆ అగ్గిపెట్టె నా చేతికిచ్చి "ఊపకుండా నడువు వదినా" అన్నాడు. దారంతా జనం చూస్తున్నారు, కంటికి కట్టుతో మేస్త్రీ, నడుం పట్టుకుని వదినా అగ్గిపెట్టె పట్టుకుని ఎక్కడికి వెళ్తున్నారని. తొమ్మిదో రోజుకు కొమ్మలు పచ్చబడ్డాయి. నా తప్పు గురించి ఆ తర్వాత ఏనాడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నన్ను ఇన్నేళ్లు కాల్చింది.

అతనికి అన్నీ తెలుసని నేను అనను. పోయినవాళ్ల గురించి అబద్ధాలు చెప్పడం నాకు అలవాటు లేదు. ఒక ఏడాది టమాటాకు తెల్లదోమ వచ్చింది. దోమ వచ్చి అంటుకుంటుందని పసుపు రేకులకు ఆముదం రాసి వేలాడదీశాడు. వేప కషాయం చల్లాడు. మందు కొట్టమని అందరం అన్నాం. వినలేదు. చివరికి నలభై మొక్కలూ పీకేశాడు, మేం టమాటాలు కొనుక్కుని తిన్నాం. మొండివాడు. తప్పు చేశాడు కూడా. కానీ ఇది తెల్లదోమ కాదు.

ఇప్పుడు నీతో, నాయనా. తలెత్తు. "పెద్దమ్మా, నాన్న పోయిన పది రోజులకే నాన్న తోట కూడా పోతే నేను తట్టుకోలేను" అన్నావు మొన్న. నువ్వు మందు కొట్టించేది తోట మీద ప్రేమతోనే. నాకు తెలుసు. నేను ఆ పురుగుల్ని నలిపింది ఏ ప్రేమతో? అదే ప్రేమతో.

మా మరిది చనిపోయిన పూట నానబోసిన కాకర గింజలు గిన్నెలోనే ఉండిపోయాయి. మూడో రోజుకు తెల్లగా మొనలు తీశాయి. అవి కుళ్లిపోతాయని నేనే వెళ్లి మట్టిలో పెట్టాను. మనిషి పోయి మూడు రోజులు కాలేదు, ఈమెకు గింజల ధ్యాసేమిటి అన్నవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. అనండి, నాకు భయం లేదు. గింజ మన ఏడుపు అయ్యేదాకా ఆగుతుందా? ఆ రోజే చిక్కుడు ఆకు తిప్పి చూశాను. అడుగున పసుపుపచ్చ గుడ్లు, గుత్తిగా, నిలబెట్టినట్టు. నిన్న పొద్దున చూస్తే గుడ్లు లేవు. ఆ నల్ల ముళ్ల పిల్లలు నడుస్తున్నాయి. నాలుగు ఆకుల మీద లెక్కపెట్టాను, ఇరవై మూడు. ఇంకా గోటి మొనంత కూడా లేవు. రేపు పడే మందు పేనుబంకనూ చంపుతుంది, వాటినీ చంపుతుంది. పేనుబంక వారంలో తిరిగొస్తుంది. అవి రావు. అప్పుడు మళ్లీ మందు. ఇక ఎప్పటికీ మందే.

పది రోజుల్లో కొమ్మలు బాగుపడకపోతే? పడకపోవచ్చు. నేను మేస్త్రిని కాను, అతని చూపు నాకు లేదు. బాగుపడకపోతే నువ్వే మందు కొట్టించు, పక్కన నిలబడి నీళ్ల బకెట్టు నేనే మోస్తాను. ఈ మాట కూడా రాయి, అమ్మాయ్.

ఫోను నీ జేబులోనే ఉంది కదా? ఇప్పుడే చెయ్యి. రేపు రావొద్దని చెప్పు.

లేచాడు. వెళ్తున్నాడు. దారివ్వండి. ఫోను చెయ్యడానికో, నలుగురిలో నిలదీశానని నా మీద కోపంతోనో, నాకు తెలియదు. వెనక నుంచి పిలవకండి.

అందరూ లేవండి, మా మరిది కోసం మౌనంగా నిలబడదాం. పిల్లల్ని ఎత్తుకోండి, కర్ర కావాల్సినవాళ్లు కర్ర పట్టుకోండి. ఎన్ని నిమిషాలని కార్యదర్శి సైగ చేస్తున్నాడు. నిమిషాలు కాదు, నాయనా. వాడు మళ్లీ ఆ గుమ్మంలోకి వచ్చేదాకా. అంతవరకూ ఎవరూ మాట్లాడొద్దు. నేనూ మాట్లాడను.