కంట్లో టీవీ

జపాన్‌లో, సువా ఊళ్ళోని కెమెరా ఫ్యాక్టరీ, టీ వేళ. తనిఖీ గదిలో అద్దాల విభాగం పెద్దాయన, తెరల విభాగం అమ్మాయి. మధ్యన బల్ల మీద కొత్త కెమెరా. ముందున్న మీట ఇటు తిప్పితే కంటికి గాజు కిటికీ, అటు తిప్పితే బుల్లి తెర.

"కువబారా గారూ, మీట తెర వైపు ఉందేంటండీ?"

"ఎవరో తిప్పుంటారు."

"మీరు చూసి తనిఖీ ముద్ర వేసిన పన్నెండు కెమెరాలూ అలాగే ఉన్నాయండీ. మా తెరని 'కంట్లో టీవీ' అని వెక్కిరించింది మీరేగా?"

"నేనే. మీట మీద మీటింగు పెట్టించి మరీ వెక్కిరించాను."

"మరి గాజు చూడాల్సిన మీరు తెర చూశారేంటండీ?"

పెద్దాయన కప్పులోకి చూశాడు.

"గాజులోంచి చూస్తే ఒక్కో గీత రెండుగా కనిపిస్తోందమ్మా. రెండు కళ్ళలోనూ శుక్లాలు. మీ తెరలో బొమ్మ పెద్దది చేసుకోవచ్చు."

"గాజు బాగుందో లేదో తెరలో తెలీదు కదండీ!"

"తెలీదు. అయినా ముద్ర వేశాను. ముప్పయ్యేళ్ళు అద్దాల్లో లోపాలు పట్టినవాణ్ణి, నా కంట్లోది దాచుకున్నాను. సిగ్గుగా ఉంది."

"ఆ పన్నెండూ నేను చూసేస్తాను. ఎవరికీ చెప్పను."

"వద్దు. నా మసక నీకెందుకు అంటించడం?"

మర్నాడు పొద్దున అందరూ వరుసల్లో నిలబడ్డాక, ఆయన ముందుకొచ్చి నడుం వంచాడు.

"ఆ పన్నెండు కెమెరాల మీద నా ముద్ర చెల్లదు. గాజు చూడకుండా తెర చూసి వేశాను, నా కళ్ళు పోయాయని చెప్పుకోలేక. దయచేసి మళ్ళీ చూడండి."

వంచిన నడుం ఎత్తకుండానే అన్నాడు.

"ఇంకోటి. ఆ కంట్లో టీవీ... బాగుంది."